దోసపాదునకు బూడిద, రైతునకు ఋణము

ఈశాన్య ఋతుపవనపు వానలు వెనుకబట్టి, పగళ్లు పొడివారి, రాత్రులు చల్లబడి, సంక్రాంతి దాటు వేళకు మన సీమలోని దోసపాదులపై ఏటేట ఒక తెల్లని పొడి దిగుచున్నది. మొట్టమొదట పాదు అడుగున నీడపట్టున నున్న ముదురాకుమీద చిటికెడు పిండి రాలినట్లొక చుక్క కానవచ్చును. వారము తిరుగునప్పటికి చుక్కలు ఆకులెల్ల నిండును. పక్షము తిరుగునప్పటికి తోటయంతయు సున్నము చల్లినట్లుండును. పిమ్మట ఆకు పసుపువన్నె దాల్చి, అంచులు ముడిచి, గోధుమవన్నెకు దిరిగి మాడును. ఆకునీడ తప్పిన పిందె యెండదెబ్బకు వన్నె తఱిగి వంకరవోవును. ఇంక పది కోతలిచ్చునని రైతు లెక్కవేసికొన్న పాదు నాలుగు కోతలకే చేతులెత్తును. దీనికే మనవారు బూడిద తెగులని పేరిడిరి. పేరు చక్కగనే పెట్టిరి. తెగులును మాత్రము మనము నేటికిని సరిగా ఎఱిగినవారము కాము. ఎఱుగకపోవుటకై మనము చెల్లించుచున్న సుంకమును గూర్చియే నేడు వ్రాయ బూనితిమి.

వారపత్రికయందు, అందును సంపాదకీయపు పుటయందు, దోసపాదు తెగులును గూర్చి వ్రాతయా యని పఠనాలయమున గూర్చున్న మిత్రులు కొందఱు నవ్వవచ్చును. ఎన్నికలు లేవా, శాసనసభ లేదా, కొండమీది వ్యవహారములు లేవా యని యడుగవచ్చును. ఉన్నవి. వానిని గూర్చి వ్రాయువారును కొల్లలుగ నున్నారు. కాని 1917వ సంవత్సరమున చంపారనులో గాంధీమహాత్ముడు విచారణ కారంభించినది నీలిమొక్కను గూర్చి. 1930వ సంవత్సరమున దండిలో ఆయన చేతికెత్తుకొన్నది గుప్పెడు ఉప్పు. సామాన్యుని పొయ్యికడకును పొలముకడకును పోని జాతీయత ఉపన్యాసవేదికకు మాత్రమే పనికివచ్చును. అదియునుగాక దోసకాయ యేమి తక్కువ వస్తువు? మృత్యుంజయ మంత్రమును పఠించు ప్రతివాడును, శ్రీకాళహస్తిలో నైనను తన యింట నైనను, పండి తనంత తాను తొడిమనుండి విడివడు దోసపండును తలచుకొనుచునే యున్నాడు. ఆ పండు మన పొలములలో పండకుండనే పాదుతో గూడ ఎండుచున్నదనుట సంపాదకీయమునకు దగిన విషయముగనే మాకు తోచుచున్నది.

మామిడితోట వేయువానికి ఏండ్లతరబడి కాచుకొను బలము వలయును. చెఱకు వేయువానికి నీరు వలయును. అర ఎకరము నేల, బోరున సన్నని ధార, చేతిలో కొలదిపాటి పైకము గల చిన్నరైతునకు నలువది యైదు దినములలో కోతకు వచ్చి, దినము విడిచి దినము నాలుగు రూపాయలు కంటికి జూపు పంట కీరదోస. స్వర్ణముఖి పరీవాహమున తిరుపతి, చంద్రగిరి ప్రాంతములందును, పడమటి మెరకసీమలో పలమనేరు, పుంగనూరు ప్రాంతములందును కూరగాయల పాదులను నమ్ముకొని బ్రదుకు కుటుంబము లున్నవి. కుప్పము ప్రాంతమున విదేశముల సీసాల కెక్కు చిన్నదోసను, గెర్కినను దానిని, ఒప్పందపు సేద్యమున పండించి యిచ్చువారును కలరు. ఆ కాయ వ్రేలెడు కొలత తప్పినను, మేన మచ్చ పడినను కొనువాడుండడు. టమాట ధర పడిపోయిన దినమున మదనపల్లె మార్కెట్టు ఫొటోలు పత్రికలన్నిటను వచ్చును. దోసపాదు మాడిన దినమున ఏ ఫొటోయు రాదు. పాత చిత్తూరు జిల్లాను 2022వ సంవత్సరమున విభజించి కొత్త గీతలు గీసిరి గాని గాలిలో నెగురు ఈ తెగులు ఆ గీతల నెఱుగదు.

తెగులు సోకిన నాడు రైతు ఏమి చేయును? ఒక ఆకు త్రుంచి జేబున వేసికొని పట్టణమునకు వచ్చి మందుల అంగడి మెట్లెక్కును. అంగడివాడు ఆకును వెలుతురునకు బట్టి చూచిన చూచును, లేకున్న లేదు. మూడు పొట్లములు బల్లపై బెట్టును. ఒకటి బూజునకట, ఒకటి పురుగునకట, ఒకటి పాదు బలమునకట. మూడును ఒక్క డ్రమ్ములో కలిపి కొట్టుమనును. పైకము లేదన్న ఖాతాలో వ్రాసికొనును. వారమునకు తెగులు తగ్గలేదన్న మఱియొక రంగు సీసా చూపును. ఈ అంగళ్లవారందఱు దుర్మార్గులని మేము వ్రాయుట లేదు. పెక్కుచోట్ల వేళగాని వేళ తలుపుతీయు ఆప్తుడతడే, అప్పిచ్చువాడు నతడే. అంగళ్లవారికి ఏడాది శిక్షణనిచ్చు డిప్లొమా నొకదానిని హైదరాబాదులోని మేనేజి సంస్థ 2003వ సంవత్సరముననే ప్రారంభించినది. అది మేలైన పనియే. మా ఫిర్యాదు మనుష్యులపై గాదు, ఏర్పాటుపై. వైద్యము చెప్పువాడును మందమ్మువాడును ఒక్కడే యైనచోట రోగము కుదురుట ఎవరికి లాభము? మనుష్యుల వైద్యమున ఇట్టిది జరిగినచో అది తప్పని కనీసము ఒప్పుకొందుము. మొక్కల వైద్యమున దానినే వ్యవసాయ ప్రగతి యని పిలుచుచున్నాము.

ఈ యేర్పాటున మొదటి పొరపాటు పేరుకడనే పుట్టుచున్నది. బూడిద తెగులు వేఱు, బూజు తెగులు వేఱు. వినుటకు అన్నదమ్ములవలె నుండును. పుట్టుకలో బంధుత్వమైన లేదు. బూడిద తెగులును దోసజాతిపై కలిగించునది ప్రధానముగా పోడోస్ఫేరా జాంథి యను శిలీంధ్రము. బూజు తెగులును గలిగించు సూడోపెరోనోస్పోరా క్యుబెన్సిస్ అనునది శిలీంధ్రమని పిలువబడుటయే గాని శాస్త్రజ్ఞుల లెక్కలో ఆ వర్గమునకే చెందదు. బూడిద తెగులైనచో తెల్లనిపొడి ఆకు పైనను క్రిందను గూడ గుండ్రని మచ్చలుగ నుండి, వ్రేలితో రాచిన వ్రేలికంటును. బూజు తెగులైనచో ఆకుపైన ఈనెల నడుమ బందీయైనట్లు మూలలు దేరిన పసుపు మచ్చలుండును. తడియాఱని ఉదయమున ఆకు తిరుగవేసి చూచిన ఆ మచ్చల క్రింద ఊదాఛాయ గల నూగు కనిపించును. ఒకటి ఆకుపై తడి లేకుండనే పెరుగును. రెండవది తడి లేనిదే పుట్టదు. బూజు తెగులును కట్టుటకు వాడు మెటలాక్సిల్ బూడిద తెగులుపై నిష్ప్రయోజనము. మ్యాంకోజెబ్ వలన గలుగు మేలును స్వల్పమే. ఈ భేదమును తెలిసికొనుటకు సూక్ష్మదర్శిని యక్కఱలేదు, పట్టభద్రుడక్కఱలేదు, చూపుడువ్రేలు చాలును. ఈ వ్రేలి పరీక్షను పలుమారు చూపి చెప్పు మనుష్యుడు లేక రైతు ఒక తెగులునకు మఱియొక తెగులు మందు కొని అప్పుపాలగుచున్నాడు. పూర్వము మన ముత్తవలు పాదులపై పొయ్యి బూడిద చల్లెడివారు. అది పురుగుల బెదరించుటకు. ఆ బూడిదకు కానియైన ఖర్చు కాలేదు.

ఈ శిలీంధ్రము స్వభావము నించుక విస్తరించి చెప్పుట యవసరము. ఏలయన దాని స్వభావముననే దాని విరుగుడును గలదు. ఇది జీవించియున్న ఆకుపైనే బ్రదుకగలదు. ఆకులోపలికి చొచ్చుకొని పోదు. పైపొరమీదనే పరచుకొని, సన్నని పీల్చుగొట్టములను ఆ పొర కణములలోనికి మాత్రము దించి సారము లాగుకొనును. సోకినది మొదలు మూడు నుండి ఏడుదినములలో క్రొత్త పొడిని తయారుచేయును. ఆ పొడి ప్రతి రేణువును విత్తనమే. గాలి దానిని పొరుగు పాదునకు, పొరుగు ఊరికి మోసికొనిపోవును. ఇరువది మొదలు ఇరువదియేడు డిగ్రీల చల్లదనము దానికి మిక్కిలి ప్రీతి. ముప్పదియెనిమిది డిగ్రీలు దాటిన యెండలో అది కుంగును. గుబురుగ పెరిగిన పాదు, గాలియాడని నీడ, మితిమీరిన యూరియాచే లేతబారిన ఆకు దానికి విందుభోజనము. వానచినుకులు దబదబ కురిసినచో దానికి గిట్టదు. నీటికఱవు గల మన సీమకు బిందుసేద్యము వరమే. అట్లయ్యు బిందుసేద్యమున ఆకు తడియదు గనుక బూజు తెగులు తగ్గి బూడిద తెగులునకు దారి తెరపియగుట కలదు. బిందుసేద్యము మానుమని కాదు. గొట్టములమ్మినవారు ఈ ముక్క గూడ చెప్పియుండవలసినది.

పైపొరపై బ్రదుకు శత్రువునకు పైపూతయే చాలునను సంగతిని లోకము క్రొత్తగ కనుగొనలేదు. 1845వ సంవత్సరమున ఇంగ్లండులో మార్గేటు పట్టణమున టక్కరను తోటమాలి ద్రాక్షతీగలపై ఇట్టి తెల్లపొడినే కనిపెట్టి, గంధకమును సున్నమును కలిపి చల్లి దానిని అణచెను. ఆ తెగులునకు శాస్త్రజ్ఞులు ఆ తోటమాలి పేరే పెట్టిరి. కొలది యేండ్లలో అది ఫ్రాన్సుదేశమున వ్యాపించి, 1854వ సంవత్సరము నాటికి ఆ దేశపు ద్రాక్షసారా దిగుబడిని సుమారు నాల్గవవంతునకు దించివేసెను. గంధకపు పొడితో ఫ్రెంచివారు తిరిగి తేరుకొనిరి. ఇచ్చట మా పాఠకులు గమనింపవలసినది, తెగులును మొదట కనుగొన్నవాడు తోటమాలి. అతని మాటను గౌరవించి వ్రాసికొన్నవారు పండితులు. మనకడ ఈ రెండు వర్గముల నడుమ పెద్ద కాలువ త్రవ్వియున్నాము.

గంధకము ద్రాక్షను కాపాడెను గదా యని మన దోసకును చల్లవచ్చునా? కూడదు. మన యెండలకు దోసజాతి పాదులపై గంధకము పడిన ఆకులు మాడి రాలును. దోసజాతిపై గంధకపు మందులు చల్లరాదని మన వ్యవసాయ పండితులు చిరకాలముగ హెచ్చరించుచునే యున్నారు. కాని గంధకము చౌక. బూడిద తెగులనగనే గంధకము తీసి యిచ్చుట పెక్కంగళ్లలో వాడుక. తెగులు తినగా మిగిలిన ఆకును మందు తినుట రైతు చూచి, తెగులే ముదిరినదనుకొని, మరల అంగడికే పోవును.

ఇంక ఖరీదైన మందుల చరిత్ర చూడుడు. దోస బూడిద తెగులునకే ప్రత్యేకించి డైమెథిరిమాల్ అను మందు 1968వ సంవత్సరమున ఐరోపాలో వెలువడెను. వేరుకడ పోసిన చాలును, ఆకుదాక ప్రాకునని కొనియాడిరి. 1970వ సంవత్సరము నాటికే హాలండులోని గాజుతోటలలో తెగులు ఆ మందును జయించెను. బెనోమిలను మందు వచ్చెను. 1969వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రమున దోసజాతి బూడిద తెగులు దానికిని లొంగదని ప్రకటింపబడెను. బెనోమిల్ మొక్కపై పడి మాఱునది కార్బెండజిముగనే. ఒకదానికి లొంగని తెగులు రెండవదానికిని లొంగదు. ఆ కార్బెండజిమునే మన రైతు నేటికిని వారమువారము చల్లుచున్నాడు. మన కేంద్రప్రభుత్వము 2018వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన నిషేధించిన మందుల పట్టికలో బెనోమిల్ కలదు, ఫెనారిమాల్ కలదు, ట్రైడిమార్ఫ్ కలదు. ఈ మూడును బూడిద తెగులునకు వాడినవే. తరతరముల కరపత్రములలో మనకు కంఠస్థమైపోయిన డైనోకాపును 2023వ సంవత్సరమున నిషేధించిరి. అనగా ఒక తరము రైతునకు మనము నేర్పిన మందులలో సగము విషములని మనమే తీర్పు చెప్పుకొంటిమి. ఈ తీర్పును ఆ రైతుల గడపకు బోయి చెప్పినవారెవరు? పాత కరపత్రములు పెట్టెలలో నున్నవి, పాత పేర్లు నాలుకలపై నున్నవి. నిషేధపు ఆజ్ఞ గెజెట్టులో నున్నది, ఇంగ్లీషున, హిందీలో. పురుగుమందుల పొట్లముపై ప్రాంతీయభాషలో ముద్రింపవలయునని చట్టమే శాసించుచున్నది. ముద్రించుచునే యున్నారు, ఆవగింజపై వ్రాయదగినంత యక్షరములతో. వాని చదువుటకు రైతు కంటికన్న కంసాలి కన్ను కావలయును.

ఇట్లు వ్రాయుచుండగనే, అట్లయిన మందులన్నిటిని పాఱబోసి గోవును నమ్ముకొనుడని కేకవేయువా రొకరు ప్రక్కన నిలిచియున్నారు. వారితోను మాకు పేచీయే. పులిసిన మజ్జిగ, శొంఠి పాల కషాయము మొదలగునవి ప్రకృతి సేద్యమువారు చెప్పు విరుగుళ్లు. పట్టణపు చదువరి వీనిని విని పెదవి విఱచును. పెదవి విఱుచుటకు ముందు ఒక్క సంగతి వినవలయును. బ్రెజిలు దేశమున వాగ్నర్ బెట్టియోల్ అను శాస్త్రజ్ఞుడు దోసజాతి మొక్కలపై ఆవుపాలను నీటిలో కలిపి వారమువారము చల్లి, 1999వ సంవత్సరమున ఫలితములను ప్రకటించెను. నూటికి పదివంతులును ఆ పైనను పాలు గల నీరు మందులతో సమానముగనో అంతకన్న మిన్నగనో బూడిద తెగులు నణచెను. ఏ మందులతో పోల్చిచూచెనో వినుడు: ఫెనారిమాల్, బెనోమిల్. మనము పందొమ్మిదేండ్లకు పిమ్మట నిషేధించిన రెండును అవియే! అంతకుముందే 1981వ సంవత్సరమున జపానులో హొమ్మా మొదలగువారు వంటసోడాతో దోస బూడిద తెగులు తగ్గుటను చూపియుండిరి. కాబట్టి పాలు నవ్వులాట కాదు. కాని బెట్టియోల్ పని హరితగృహమున జరిగినది. కొలిచి, పోల్చి, లెక్కవ్రాసి చేసినది. మన మేఘము, మన గాలి, మన రకములపై ఆ పాలు ఎంత పనిచేయును, ఎకరమునకు ఎన్ని లీటర్లు పట్టును, ఆ పాలను అమ్ముకొన్న రైతునకు ఎంత వచ్చును, ఈ లెక్కలు లేకుండ గోమాత పేరు చెప్పి నమ్ముమనుట అంగడివాడు రంగు సీసా చూపుటకన్న మిన్నయైన పని కాదు. వంటసోడా మోతాదు మించిన ఆకును మాడ్చును. అదియును చెప్పవలయును గదా. పాడికి పేరుబడిన ఈ సీమలో, ఒకప్రక్క ఆవు, ఒకప్రక్క దోసపాదు గల రైతు ఇంట, ఈ ప్రయోగమును మండలమున కొక మడిలో చేసి, చల్లిన మడియు చల్లని మడియు ప్రక్కప్రక్కన చూపి, ఫలము ఎట్లున్నను అట్లే పలకపై వ్రాసి పెట్టుటకు ఎంత ధనము కావలయును? ఒక్క సభకు కట్టు తోరణముల ఖర్చు చాలును.

అన్నిటికన్న మమ్ము నొప్పించు కథ విత్తనముది. 1925వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయయందు ఖర్బూజ తోటలపై ఈ బూడిద తెగులు దండెత్తెను. ఖర్బూజ దోసకు తోబుట్టువు. అచ్చటి శాస్త్రజ్ఞులు మందుల సీసాలను చూచుకొని కూర్చుండలేదు. లోకమెల్ల వెదకి భారతదేశమునుండి తెప్పించిన ఖర్బూజ విత్తనములలో తెగులును తట్టుకొను గుణమును కనుగొని, దానిని తమ రకములతో సంకరపఱచి, 1936వ సంవత్సరమున పీఎంఆర్ 45 అను రకమును విడుదల చేసిరి. రెండేండ్లకు తెగులు క్రొత్త వేషము వేసెను. వారు మరల పూనికతో క్రొత్త రకములు తెచ్చిరి. కీరదోస విషయమునను ఇదే కథ. భారతదేశమునుండి సేకరింపబడి పి.ఐ. 197087 అను సంఖ్యతో అమెరికా విత్తనాగారమున భద్రపఱుపబడిన దోసవిత్తనమునుండి వారు బూడిద, బూజు తెగుళ్లను తట్టుకొను గుణములను తీసికొని పాయిన్సెట్ మొదలగు రకములను 1960 దశాబ్దమున నిలబెట్టిరి. కీరదోస పుట్టినిల్లు హిమాలయపు పాదభూములని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. పుట్టినింటి విత్తనము కడలిదాటి పరుల తోటలను కాపాడుచుండగా, పుట్టినింటివారు తెగులు తట్టుకొనునో లేదో పొట్లముపై వ్రాసియుండని సంకరవిత్తనమును గింజ లెక్కన కొని, దానిని కాపాడుటకు మరల మందులు కొనుచున్నారు!

అమెరికావారిపై మాకు కోపము లేదు. వారు దొంగిలించినది లేదు. మనము వీధిలో పాఱవేసినదాని నేరి దాచుకొనిరి. కోపము మనపైననే. మనవారికి ఈ విద్య రాదనుటయు అబద్ధము. బెంగళూరు కడ హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థవారు పుచ్చలో బూడిద తెగులును తట్టుకొను ఆర్క మాణిక్ అను రకమును పుట్టించిరి. ఖర్బూజలో ఆర్క రాజహంస బూడిద తెగులు నోర్చుకొను రకము. కుప్పమునుండి ఆ సంస్థకు పూటప్రయాణము. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల 1961వ సంవత్సరమునుండి కలదు. ప్రాంతీయ పరిశోధనా స్థానము కలదు. పశ్చిమగోదావరి వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము 2007వ సంవత్సరమునుండి కలదు. వీనిలో పనిచేయు పండితుల శ్రద్ధను మేము శంకించుట లేదు. కాని పండితుడు వ్రాసినది ఇంగ్లీషు పత్రికలో అచ్చగును. దోస పండించువాడు తెలుగున మాటలాడును. ఈ రెంటి నడుమ నున్న కాలువపై వంతెన కట్టువారు పండితులలో లేరు, ప్రభుత్వములో లేరు, నిజము చెప్పవలెనన్న పత్రికలవారమైన మాలోను లేరు. చిత్తూరున టమాట ధరపై మేము వ్రాసిన వ్యాసములు ఎన్నో. దోస ఆకుపై వ్రాసినది ఇదియే మొదటిది.

పట్టణవాసులైన మా పాఠకులకును ఈ వ్యవహారమున భాగము కలదు. దోసకాయ వండక తిను కాయ. వేసవిలో తిరుపతి వీధులలో చీల్చి ఉప్పుకారము చల్లి యిచ్చు దోసముక్కను యాత్రికుడును తినును, మన బిడ్డయు తినును. ప్రతి మందునకును చివరిసారి చల్లిన పిదప ఇన్నిదినములు కోయరాదను గడువు కలదు. దోస దినము విడిచి దినము కోయు పంట. వారము గడువు గల మందును చల్లినవాడు గడువు పాటించిన మూడు కోతలు నేలపాలు. పాటింపకున్న ఆ మందు మన విస్తరిపాలు. ఆకులోనికి ప్రాకు మందు కాయను కడిగిన పోవునది కాదు. ఈ సందిగ్ధమున రైతును నిలిపినవారు ఎవరు? మచ్చలేని నిగనిగలాడు కాయనే యేరుకొని, ఆకు నలిగిన కాయను తక్కెడనుండి తీసివేయు మనమును గాదా? బూడిద తెగులు సోకిన పాదుకాయ తినుటకు హానిలేనిది, అందమొక్కటే తఱుగును. అందమునకై మనము చెల్లించు వెల త్రాసున కనబడదు.

ఇప్పుడు చేయదగిన పనులు కొన్ని యున్నవి. అవి కొండ త్రవ్వుట గాదు. రైతు చేతిలోనివి మొదట చెప్పుదుము. పాదులను పందిరి కెక్కించి గాలియాడనీయుట; వరుసలకు ఎడమిచ్చుట; యూరియా చేతిని కట్టుకొనుట; మాడుచున్న పాత తోట ప్రక్కనే క్రొత్త విత్తు వేయకుండుట, వేసినచో పాత తోటను ముందు పెఱికి తగులబెట్టుట; మొదటి చుక్క కనబడిన దినముననే ఆ ముదురాకులను త్రుంచి తోట వెలుపల కాల్చుట. మందు చల్లవలసివచ్చిన ఆకు అడుగుభాగము తడియునట్లు చల్లుట. ఒకే తెగ మందును వరుసగ రెండవసారి చల్లకుండుట. వీనిలో సగము పనులు ఒక్క రైతు చేసిన ఫలములేదు. పొరుగువాని మాడిన తోట నిలిచియున్నంత కాలము గాలి తన పని చేయును. చెఱువు మరమ్మతునకు ఊరంతయు కదలినట్లు దీనికిని ఊరంతయు ఒక్కదినమున కదలవలయును.

ప్రభుత్వమువారిని మేము కోరునవి వేఱు. ప్రతి రైతు సేవాకేంద్రపు గోడపై బూడిద, బూజు తెగుళ్ల నిజరూపములను ప్రక్కప్రక్కన నిండు రంగులలో చిత్రించి, క్రింద పెద్దయక్షరములతో వ్రేలి పరీక్షను వ్రాయింపవలయును. నిషేధింపబడిన మందుల పట్టికను ఏటేట తెలుగున అచ్చువేసి అంగడి గుమ్మమున కంటియెత్తున కట్టింపవలయును. లేని అంగడికి అనుమతి యుండరాదు. మందు వ్రాయు అధికారి వేఱు, అమ్మువాడు వేఱు అను నియమమును కూరగాయల విషయముననైన ఒక్క మండలమున పరీక్షించి చూడవలయును. విత్తనపు పొట్లముపై ఆ రకము బూడిద తెగులునకు తాళునో తాళదో వ్రాయింపవలయును. ఉద్యాన విశ్వవిద్యాలయమువారు మన సీమ దోసరకములను ఊరూర సేకరించి బూడిద తెగులు మడిలో నిలబెట్టి చూడవలయును.

ఆ చివరి పనికి మాత్రము ప్రభుత్వపు ఉత్తరువునకై కాచియుండ నక్కఱలేదు. పెద్దముత్తవ పేడలో కలిపి గోడకు కొట్టి దాచిన దోసగింజలు ఇంకను కొన్ని యిండ్లలో నుండవచ్చును. తోటయంతయు తెల్లబడినను పచ్చగ నిలిచిన పాదు ఒకటి రెండు ఏ రైతు చేనుననైన కనబడవచ్చును. అట్టి పాదు కాయను కోయక పండనిచ్చి, గింజను కడిగి నీడ నార్చి, ఊరిపేరును విత్తిన నెలను కాగితముపై వ్రాసి పొట్లముగట్టి, ఈ పత్రిక చదువబడు పఠనాలయములలో దగ్గఱి దానికి చేర్చుడని రైతులను మా పాఠకులు కోరవలయును. పఠనాలయ నిర్వాహకులు వానిని దాచి పరిశోధనా స్థానమునకు చేర్చు భారమును వహింపవలయును. ఈ చైత్రమునుండి ఆ పొట్లముల లెక్కను, ఎన్ని వచ్చినవో, ఎచ్చటనుండి వచ్చినవో, పరిశోధనా స్థానమువారు వానిని విత్తిరో లేదో, నెలకొకసారి ఈ పుటయందే ప్రకటింతుము.